పంపు గోతిలో లీడరమ్మ

పంపింగు స్టేషను ఇంజనీరమ్మ పంపు ఒంటిమీద అరచెయ్యి ఆనించిందంటే చాలు, లోపల ఏ బేరింగు మూలుగుతోందో, ఏది రేపో మాపో అన్నట్టుందో చెప్పేసేది. తల్లి బిడ్డ నుదురు ముట్టుకుని జ్వరం చెప్పినట్టే. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ చెయ్యి పనిచేసేది కాదు. ఎదుటివాళ్ళు మాట మొదలుపెట్టగానే దాని తోకేదో ఆమెకు తెలిసిపోతుంది. ఆ తోక పట్టుకుని జవాబు చెప్పేసి, వాళ్ళు నోరు మూసుకునేలోపు అక్కణ్ణించి వెళ్ళిపోతుంది. గర్వం కాదు పాపం, పని ఆగిపోతుందేమోనని కంగారు.

సగం ఊరికి నీళ్ళు వెళ్ళేది ఆ స్టేషను నుంచే. లోతైన గోతుల్లో దిమ్మల మీద నిలబెట్టిన రెండు పెద్ద పంపులు, వాటిని కనిపెట్టుకుని ముగ్గురు మనుషులు. పెద్ద ఫిట్టరు ఆ గోతుల్లోకి దిగీ దిగీ జుట్టు నెరిసినవాడు. ఎలక్ట్రీషియన్‌ను అందరూ ఫ్యూజు అంటారు, మనిషి తీగలా ఉంటాడు, నోరు ఊరుకోదు. బరువులెత్తే చైను కప్పీ దగ్గరుండేవాడి పేరు గొలుసు. ఏనుగంత మనిషి, మాటలు చీమంత. ఆ ముగ్గురి మీదా పెత్తనం చేసిన పాత సూపర్వైజరు రిటైరై వెళ్ళాక చీఫ్ ఇంజనీరు ఈవిణ్ణి పిలిపించాడు.

"చూడమ్మా, ముసలి పంపులు రెండూ తీసి కొత్తవి పెట్టాలి. ఆ పని అయ్యేదాకా టీమ్ లీడరువి నువ్వే. ఎలా చేయిస్తావో చూసి ఖాయం చేస్తాను."

"చేసేస్తాను సార్."

"చెయ్యడం కాదు తల్లీ, చేయించడం. నువ్వు చేస్తావని నాకు తెలుసు."

"చేయించలేకపోతే?"

"హెడ్డాఫీసులో డ్రాయింగుల సెక్షన్లో బల్ల ఒకటి ఖాళీగా ఉంది. చల్లగా ఏసీ కూడా ఉంది" అన్నాడాయన, వరమిస్తున్నట్టు.

ఆ చల్లదనం తలుచుకుంటేనే ఇంజనీరమ్మకు వణుకొచ్చింది. పంపుల మోత వినపడని గదిలో కూర్చుని, ఎక్కడో ఎవరో పెట్టబోయే పంపులకు గీతలు గీస్తూ ఉండడం ఆవిడకు ఊపిరి బిగబట్టడంతో సమానం. కానీ ఏం చేస్తుంది? తుమ్మితే ఊడిపోయే ముక్కులాంటి పదవిని ముఖాన పెట్టుకుని ఇంటికొచ్చింది. దాంతోపాటు మరో కాగితం. ఇంజనీర్లకు నాయకత్వం, నలుగురితో మాట్లాడే పద్ధతి నేర్పే శిక్షణకు తప్పకుండా వెళ్ళాలట.

సంగతి విని అత్తగారు కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"మాట్లాడ్డం నేర్పడానిక్కూడా బడులొచ్చాయా! ఇంత చదువూ చదివావు, మాటలు రాకుండానే పాసు చేసేశారేమే నిన్ను?"

"అందులో మాటల పరీక్ష లేదత్తయ్యా."

"ఉండుంటే నేనే ఫస్టొచ్చేదాన్ని" అంది అత్తగారు, ఊరికే పోయిన అదృష్టానికి నిట్టూరుస్తూ.

శిక్షణ గదిలో వంతెనల ఇంజనీర్లు, రోడ్ల ఇంజనీర్లు, కరెంటు ఇంజనీర్లు చేతులు కట్టుకుని, దంతవైద్యుడి వరండాలో కూర్చున్నట్టు కూర్చున్నారు. నేర్పే ఆవిడ సన్నటి గొంతుతో చాలా చెప్పింది. కళ్ళలోకి చూసి మాట్లాడండంది. తప్పు ఎత్తిచూపే ముందు ఒక మెచ్చుకోలు, చూపాక ఇంకో మెచ్చుకోలు చెప్పమంది. చివరికి అందర్నీ జంటలుగా కూర్చోబెట్టింది.

"మీ పక్కవారు తమకున్న కష్టం ఒకటి చెబుతారు. మీరు వినాలి. అంతే. పరిష్కారం చెప్పకూడదు."

ఇంతేనా అనుకున్నారు అంతా. అది ఎంత పెద్ద శిక్షో మొదలయ్యాక గానీ తెలియలేదు. ఒక రోడ్ల ఇంజనీరు తన భార్యకూ తనకూ ఇల్లు మారే విషయంలో వచ్చిన గొడవ చెబుతుంటే, వింటున్న వంతెనల ఇంజనీరు ఎర్రబడి, చెమటపట్టి, కుర్చీ చేతులు పట్టుకుని, ఆఖరికి ఆగలేక "అసలు ఆ ఇంటికి ఎదురుగా డ్రైనేజీ ఉందండీ, మీ ఆవిడే కరెక్టు!" అని అరిచేశాడు. గదంతా గొల్లుమంది.

ఇంజనీరమ్మ కూడా నవ్వింది. తన వంతు రానే వచ్చింది. కరెంటు శాఖ ఆవిడ, వాళ్ళ నాన్నగారికి చెవులు వినపడట్లేదనీ, మిషను కొనిచ్చినా పెట్టుకోవట్లేదనీ, ఆయనతో కబుర్లు చెప్పి ఎన్నాళ్ళయిందోననీ చెబుతోంది.

"బ్యాటరీ చూశారా?" అంది ఇంజనీరమ్మ.

నేర్పే ఆవిడ వెనకనుంచి వంగి, మెల్లగా అంది. "వినమన్నానండీ, బాగుచెయ్యమనలేదు."

ఆ మాట ముల్లులా దిగింది. అయితే కష్టమైన పాఠమూ తేలికైన పాఠమూ పక్కపక్కన పెడితే ఎవరైనా తేలికైనదే పట్టుకెళతారు. ఇంజనీరమ్మ మెచ్చుకోళ్ళ పాఠం పట్టుకెళ్ళింది.

మర్నాడు స్టేషనుకు వెళ్ళగానే గొలుసు కళ్ళలోకి తిన్నగా చూసింది. "నువ్వు చైను పట్టుకునే తీరు చాలా బాగుంటుంది. కప్పీకి గ్రీజు పెట్టలేదు. నీ చొక్కా బాగుంది." గొలుసు తన చొక్కా వంక ఒకసారి, ఆవిడ వంక ఒకసారి చూసి, గ్రీజు డబ్బా కోసం వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండానే ముగ్గురికీ లెక్క అర్థమైపోయింది. మేడం పొగిడిందంటే వెనకాలే పిడుగు పడుతుందన్నమాట. ఒకరోజు ఫ్యూజు తలుపు దగ్గర నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"మేడం, నిన్న నా చేతిరాత బాగుందన్నారు."

"అవును, బాగుంది."

"ఆ తర్వాత మీకు ఫోనొచ్చి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ అన్నం సహించట్లేదు. ఆ తప్పేదో కూడా చెప్పేస్తే పడుంటాను."

ఆ రోజుతో మెచ్చుకోళ్ళు ఆగిపోయాయి. ముగ్గురూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

మొదటి పంపు మార్చే ముందురోజు ఇంజనీరమ్మ అందర్నీ టీ గదిలోకి పిలిచి, బల్లమీద డ్రాయింగు పరిచింది. పెద్ద ఫిట్టరు నిచ్చెన దిగి గోతిలో ఉండాలి. గొలుసు పైన కప్పీతో పంపును దించాలి. పైనుంచి చూస్తే గోతిలోని దిమ్మ కనపడదు, పక్కనే రెండో పంపు తిరుగుతుంటే మాటా వినపడదు. అందుకని ఆవిడే గోతి అంచున నిలబడి, కింద ఫిట్టరు ఏమంటున్నాడో చూసి గొలుసుకు చెప్పాలి. ఫ్యూజు వైర్లు విప్పి పక్కనుండాలి. అన్నీ గడగడా చెప్పేసింది. ఎక్కడా తప్పు లేదు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది.

అంటూండగానే చేతులు డ్రాయింగును చుట్టేస్తున్నాయి. పెద్ద ఫిట్టరు గొంతు సవరించుకుని దగ్గాడు. రబ్బరు బ్యాండు టప్పున పడింది.

"ఏం లేవు మేడం" అన్నారు. గంగిరెద్దుల్లా తలలూపి లేచారు.

మర్నాడు పొద్దున పాత పంపు ఊడదీసి బయట పెట్టడం దాకా పని నూనె పోసినట్టు సాగింది. కొత్త పంపును కప్పీకి తగిలించారు. పెద్ద ఫిట్టరు హెల్మెట్టు పెట్టుకుని, నిచ్చెన రెండు కొమ్ములూ పట్టుకుని, కాలు కిందికి చాచాడు. ఆ కాలు మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇంకోసారి చాచాడు. ముఖం సున్నంలా పాలిపోయింది.

"ఏంటి పెద్దాయనా, నిచ్చెన కొత్తగా ఉందా?" అన్నాడు ఫ్యూజు వెనకనుంచి.

ఇంజనీరమ్మ ఏమైందని అడగలేదు. పంపు గాల్లో వేలాడుతోంది, ఎగువ వీధుల్లో కుళాయిలు ఎండిపోయి ఉన్నాయి, పని ఆగిపోతోంది! "ఇలా ఇవ్వండి" అని హెల్మెట్టు తీసుకుని తనే చకచకా దిగిపోయింది.

దిగడం బాగానే దిగింది. దిగాక గానీ తెలియలేదు, తను నిలబడాల్సిన చోటు ఖాళీ అయిపోయిందని. కిందనుంచి "ఆపు!" అంటుంది, రెండో పంపు మోతలో ఆ మాట పైకి చేరేసరికి పంపు జానెడు దిగిపోతుంది. ఫ్యూజు అంచున వంగి చూసి ఏదో సైగ చేస్తాడు, గొలుసుకు అది ఎత్తమనో దించమనో తెలియదు. పెద్ద ఫిట్టరు, తన చోట మేడం దిగిందన్న సిగ్గుతో గోడవారగా నిలబడిపోయాడు. పంపు దిమ్మమీద వంకరగా కూర్చుంది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ వంకరే. రెండో పంపు కాసేపు ఆపితే మాటలు వినపడతాయి, కానీ ఆపమనేదెవరు? ఆపితే ఊరికి ఉన్న కాస్త నీళ్ళూ పోతాయి. చెప్పాల్సిన మనిషి గోతిలో, వినాల్సిన మనుషులు గట్టున. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే చీఫ్ ఇంజనీరు కారు దిగాడు.

"ఇక్కడ పని చూస్తున్నదెవరయ్యా?"

ముగ్గురి వేళ్ళూ ఒక్కసారే లేచి, గోతిలోకి చూపించాయి.

చీఫ్ వంగి చూశాడు. ఆ లోతులోంచి గ్రీజు పూసుకున్న ఇంజనీరమ్మ ముఖం పైకి చూసింది. పని పూర్తయ్యేసరికి పొద్దు గుంకింది. వెళ్ళబోతూ ఆయన అన్నది ఒకటే మాట.

"రెండో పంపు వచ్చేవారం కదమ్మా. ఆ బల్ల ఇంకా ఖాళీగానే ఉంది."

ఇంటికొచ్చి ఇంజనీరమ్మ చెప్పులు కూడా విప్పకుండా కూర్చుండిపోయింది. భర్త డ్రైవింగు స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుంటాడు. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. కథంతా విని, మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

"ఏవండీ, మీ దగ్గర నేర్చుకునేవాడు గోడకేసి పోతుంటే మీరేం చేస్తారు?"

"గోడ దగ్గరైతే బ్రేకు తొక్కుతాను."

"దూరమైతే?"

"నా మోకాలు నేనే నొక్కిపట్టుకుని కూర్చుంటాను."

"ఎందుకు?"

"కాలు లేవకుండా. వాడు తొక్కాల్సిన బ్రేకు నేనే తొక్కేస్తుంటే వాడికి జన్మలో బండి రాదు. ఇన్నేళ్ళయినా నా కాలు నా మాట వినదనుకో."

"బస్సెక్కినా వినదు" అంది అత్తగారు లోపలినుంచి. "డ్రైవరు మలుపు తిప్పినప్పుడల్లా వీడు బ్రేకు తొక్కుతాడు. అది నా కాలు!"

ముగ్గురూ నవ్వారు గానీ, ఇంజనీరమ్మకు ఆ మోకాలి సంగతి మనసులో ఉండిపోయింది. దాని వెనకాలే సన్నటి గొంతు కూడా వినపడింది. వినమన్నానండీ, బాగుచెయ్యమనలేదు.

రెండు రోజులాగి టీ గదిలో మళ్ళీ డ్రాయింగు పరిచింది. ఇన్నాళ్ళూ చుట్టీ చుట్టీ ఉండడంతో అది దానంతటదే ముడుచుకుపోతోంది. నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టింది. తర్వాత తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది. ముగ్గురూ వింతగా చూశారు.

"మొన్న ఏం జరిగిందో నాకు కనపడింది నాకు తెలుసు. మీకు కనపడింది చెప్పండి."

బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. గోడ అవతల పంపు మోగుతోంది. టీ మీద మీగడ కట్టింది. ఇంజనీరమ్మ నాలుక చివర ఎన్ని మాటలు వచ్చి నిలబడ్డాయో ఆ దేవుడికే తెలుసు. అన్నింటినీ మింగింది.

ముందు ఫ్యూజుకే ఊపిరాడలేదు. "మేడం, రబ్బరు బ్యాండేదండీ?"

"పారేశాను."

"అయ్యో, పారేశారా" అన్నాడు వాడు, ఏమనాలో తెలియక.

అప్పుడు, ఎన్నడూ నోరు విప్పని గొలుసు విప్పాడు.

"చాపమ్మ" అన్నాడు.

ఫ్యూజు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. పెద్ద ఫిట్టరు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"ఏంటది?"

"మీ పేరండి."

"నా పేరా!"

"వీడు పెట్టాడు." గొలుసు ఫ్యూజు వైపు గడ్డం చూపించాడు. "సందేహాలున్నాయా అని అడుగుతూనే చాప చుట్టేస్తారు కదండీ. అందుకని."

ఇంజనీరమ్మ చెవులు వేడెక్కాయి. తొడల కింద చేతులు కదిలాయి. ఎన్ని పనులుంటాయో మీకేం తెలుసు అనబోయింది. పళ్ళు బిగించి, "ఇంకా?" అంది.

ఆ ఒక్క మాటతో గొలుసు కాస్త నిటారుగా కూర్చున్నాడు. "ఆవేళ గోతిలో మీరున్నారు. మీ నెత్తిమీద ఆ పంపు ఉంది. చైను నా చేతిలో ఉంది. దించమనేవాళ్ళెవరో, ఆపమనేవాళ్ళెవరో తెలీదు. నాకు భయమేసిందండి" అన్నాడు. ఏనుగంత మనిషి ఆ మాట అంటుంటే ఫ్యూజు కూడా చేతులు దించేశాడు.

ఇంజనీరమ్మకు అది తట్టనే లేదు. తను కష్టపడి దిగాననుకుంది గానీ, తను దిగడం పైనున్నవాడికి అంత కష్టమని అనుకోలేదు. "నాకు తెలీదు. బాగా చెప్పావు" అంది. ఈసారి ఆ మెచ్చుకోలు వెనక ఏ పిడుగూ లేదు.

మళ్ళీ టీ తెస్తామని గొలుసూ ఫ్యూజూ గ్లాసులు పట్టుకుని లేచారు. గ్లాసులు తీసేసరికి డ్రాయింగు చివరలు పైకి లేచాయి. పెద్ద ఫిట్టరు తన అరచెయ్యి చాచి, ఆ మూలను బల్లకు అదిమి పట్టుకున్నాడు.

"అమ్మా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

డాక్టరు, మందులు, సెలవు, చెవి పరీక్ష, అన్నీ ఒక్కసారే ఇంజనీరమ్మ గొంతులోకి వచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"ఇప్పుడు కాదమ్మా. నిచ్చెన మీంచి కిందికి చూస్తేనే. గొయ్యి గిర్రున తిరుగుతుంది. కొన్నాళ్ళయింది. చెబితే గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారేమో అని..." ఆయన ఆగాడు. ఆవిడ ఆ ఖాళీని పూరించలేదు. "మీసం రాకముందునుంచీ దిగుతున్నాను. పెద్దాయన దిగలేడంటే నవ్విపోరూ? అయినా ఆ రోజు చెబుదామనే దగ్గాను."

"నేను చాప చుట్టేశాను."

"మీరు చుట్టేశారు, నేను సరేనన్నాను. ఇద్దరిదీనమ్మా."

మొన్న ఆ కాలు వెనక్కి రాకపోయి ఉంటేనో? ఇంజనీరమ్మకు ఆ నిచ్చెనా, ఆ లోతూ కళ్ళకు కట్టాయి. చల్లటి గదిలో ఖాళీ బల్ల గురించి ఇన్నాళ్ళూ భయపడింది. అంతకన్నా పెద్దది ఇంత దగ్గరగా వచ్చి వెళ్ళిందని ఇప్పుడు తెలిసింది.

"ఇప్పుడేం చేద్దాం పెద్దాయనా?" అంది. జవాబు దగ్గర పెట్టుకోకుండా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఫిట్టరు తీరిగ్గా ఆలోచించాడు. "నన్ను అంచుకు దూరంగా స్తంభం దగ్గర నిలబెట్టండి. గోతిలోకి చూడక్కర్లేదు. కిందనుంచి అరుపొస్తే ఎంత మోతలోనైనా ఇన్నేళ్ళుగా అలవాటైన నా చెవికి తెలుస్తుంది. నా గొంతు కూడా గొలుసుకు అందుతుంది. ఆ ఫ్యూజు కోతి దిగుతాడు."

కోతి అప్పుడే టీతో వచ్చాడు. పెద్ద ఫిట్టరు వాడికేసి తిరిగి, "ఒరేయ్, నాకు తల తిరుగుతోంది. రెండో పంపుకు నువ్వు దిగాలి" అన్నాడు, అదేమంత సంగతి కాదన్నట్టు.

ఫ్యూజు ఒక్క క్షణం వెలవెలబోయాడు. వెంటనే తేరుకున్నాడు. "నాకు పుట్టినప్పట్నుంచీ తిరుగుతూనే ఉంది పెద్దాయనా, ఎవరూ పట్టించుకోలేదు. దిగుతాలే. ముందు నువ్వు ఆస్పత్రికెళ్ళు."

బాగుచేసే మాట ఎవరో ఒకరు అననే అన్నారు. అది తను కానందుకు ఇంజనీరమ్మకు ఎందుకో సంతోషంగా అనిపించింది.

రెండో పంపు రోజున ఆవిడ గోతికి కొంచెం ఎడంగా పనిముట్ల పెట్టెమీద కూర్చుంది. కిందనుంచి ఫ్యూజు "దించు!" అంటే, స్తంభం దగ్గర ఫిట్టరు "దించు!" అంటాడు, గొలుసు కూడా "దించుతున్నా" అని తిరిగి చెప్పాకే చైను లాగుతాడు. ఆ పద్ధతి వాళ్ళే పెట్టుకున్నారు. పంపు సగం దిగాక, దాన్ని కట్టిన పట్టీ గోతి అంచుకు ఒరుసుకోవడం ఇంజనీరమ్మ కంటపడింది. గోడ దగ్గరికొచ్చింది!

"ఆపండి!"

మూడు గొంతులూ ఆగాయి. అంచున మందపాటి గోనెపట్టా వేశారు. ఆవిడ మళ్ళీ పెట్టెమీద కూర్చుంది.

దిమ్మ దగ్గరికి వచ్చాక పంపు కాస్త పక్కకు తిరిగింది. ఎటు తిప్పాలో ఆవిడకు తెలుసు. కాలు దానంతటదే లేచింది. మోకాలు గట్టిగా నొక్కిపట్టుకుంది. కిందా పైనా వాదులాట మొదలైంది. కుడికి అని ఫ్యూజు, ముందు ఎత్తమని ఫిట్టరు, ఇద్దరూ తేల్చుకోమని గొలుసు. చివరికి ఆవిడైతే తిప్పే వైపు కాకుండా రెండో వైపు నుంచి తిప్పారు. కాస్త ఆలస్యమైంది. కానీ పంపు పీటమీద పెళ్ళికూతురిలా కూర్చుంది.

"ఇక్కడ పని చూస్తున్నదెవరయ్యా?" వెనకనుంచి చీఫ్ గొంతు.

పెద్ద ఫిట్టరు తల తిప్పకుండానే చెప్పాడు. "కింద వాడు, పైన నేను, చైను దగ్గర వీడు. మేడం మా ముగ్గుర్నీ చూస్తున్నారు సార్."

చీఫ్ వచ్చి పెట్టె పక్కన నిలబడ్డాడు. "నువ్వేం చేస్తున్నావమ్మా?"

"ఏం చెయ్యట్లేదు సార్" అంది ఇంజనీరమ్మ, నుదుటిమీద చెమట తుడుచుకుంటూ. "ప్రాణం పోతోంది."

ఆయన పెద్దగా నవ్వాడు. బోల్టులు బిగించడం అయ్యేదాకా అక్కడే నిలబడి, వెళ్తూ వెళ్తూ అన్నాడు. "రేపు ఆ బల్లమీద పాత ఫైళ్ళు పెట్టించేస్తాను. ఊరికే చోటు దండగ."

పొద్దు ఇంకా ఉండగానే ఫ్యూజు స్విచ్చి వేశాడు. కొత్త పంపు గొంతు సవరించుకుని పాట అందుకుంది. ఇంజనీరమ్మ అరచెయ్యి దురద పెట్టింది. అలవాటుగా ముందుకు చాచింది. చాచి, వెనక్కి తీసుకుని, పెద్ద ఫిట్టరుకు దారి ఇచ్చింది.

ఆయన పంపు మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మిగతా ఇద్దరూ ఆయన ముఖం చూస్తున్నారు. గొలుసు ఇంజనీరమ్మ వైపు వంగి మెల్లగా, "చాపమ్మగారూ, మీక్కూడా తెలుసు కదండీ" అన్నాడు.

"ఉండు, పెద్దాయన్ని చెప్పనీ" అంది చాపమ్మ.